మనోసాంఘిక వికాసం – వ్యక్తిత్వ నిర్మాణం: ఎరిక్సన్ సిద్ధాంతం, తెలుగు కథాసాహిత్య నిదర్శనాలు

వ్యాససంగ్రహం

మనిషి వ్యక్తిత్వం బాల్యంలోనే స్థిరపడిపోతుందా, జీవితాంతం రూపుదిద్దుకుంటూనే ఉంటుందా అనే ప్రశ్న మనోవిజ్ఞానశాస్త్రంలోనూ, సాహిత్య విమర్శలోనూ ముఖ్యమైనది. ఎరిక్ ఎరిక్సన్ ప్రతిపాదించిన మనోసాంఘిక వికాస సిద్ధాంతం ఈ ప్రశ్నకు సమగ్రమైన సమాధానం ఇవ్వడానికి ప్రయత్నించింది. ఆ సిద్ధాంతంలోని ఎనిమిది దశలను వివరించి, తెలుగు నవలా కథా సాహిత్యంలోని పాత్రల ఆధారంగా వాటిని విశదపరచడం, ఆ పాత్రలు సిద్ధాంతానికి ఎక్కడ ఒదుగుతాయో, ఎక్కడ ఒదగవో చర్చించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: వ్యక్తిత్వం, మూర్తిమత్వం, మనోసాంఘిక వికాసం, ఎరిక్సన్, గుర్తింపు సంక్షోభం, మనోవైజ్ఞానిక నవల, జీవితచక్రం.

1. ప్రవేశిక

తెలుగు మనోవిజ్ఞాన గ్రంథాలలో 'మూర్తిమత్వం' అనే పారిభాషికపదం స్థిరపడింది. సాహిత్య విమర్శలోనూ, నిత్యవ్యవహారంలోనూ 'వ్యక్తిత్వం' అనే మాట ఎక్కువగా వినిపిస్తుంది. ఈ రెండింటికీ అర్థచ్ఛాయలో కొంత భేదం ఉంది. 'మూర్తి' అన్నప్పుడు రూపం పూర్తయిన విగ్రహం స్ఫురిస్తుంది. 'వ్యక్తం' అన్నప్పుడు క్రమంగా బయటపడుతున్నది స్ఫురిస్తుంది. వ్యక్తిత్వం ఒక పూర్తయిన రూపమా, నిరంతరం వ్యక్తమవుతూ ఉండే ప్రక్రియా అన్న చర్చ ఈ రెండు పదాల మధ్యనే ఇమిడి ఉంది.

సిగ్మండ్ ఫ్రాయిడ్ సిద్ధాంతం మొదటి అభిప్రాయానికి దగ్గరగా ఉంటుంది. వ్యక్తి స్వభావానికి పునాదులు తొలి ఐదారేళ్లలోనే పడతాయనీ, తరువాతి జీవితం చాలావరకు ఆ పునాదుల మీద నడుస్తుందనీ ఫ్రాయిడ్ భావించాడు. తెలుగులో మనోవైజ్ఞానిక నవలను విశ్లేషించిన విమర్శలోనూ ఈ ప్రభావం కనిపిస్తుంది. ఒక పాత్రకు ఆత్మన్యూనత ఉందని చెప్పి, దానికి కారణాన్ని పాత్ర బాల్యంలో వెదికి, అక్కడితో విశ్లేషణను ముగించడం పరిపాటి. అయితే ఆ న్యూనతను ప్రతిరోజూ పోషించే సమాజం సంగతి ఏమిటి? బాల్యంలో కోల్పోయినదాన్ని మనిషి తరువాతి వయస్సులో తిరిగి సంపాదించుకోగలడా? ఈ ప్రశ్నలకు చోటు ఇచ్చినందువల్లనే ఎరిక్సన్ సిద్ధాంతం సాహిత్య పరిశోధకులకు ఉపయుక్తమవుతుంది.

2. ఎరిక్సన్ జీవితం – సిద్ధాంత నేపథ్యం

ఎరిక్ ఎరిక్సన్ (1902–1994) జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్ట్‌లో జన్మించాడు. తల్లి డెన్మార్క్‌కు చెందిన యూదు మహిళ. కన్నతండ్రి ఎవరో ఆయనకు జీవితాంతం తెలియలేదు. తల్లి పునర్వివాహం చేసుకున్న పిల్లల వైద్యుడు థియోడర్ హోంబర్గర్ ఇంటిపేరుతో పెరిగాడు. పాఠశాలలో తోటిపిల్లలు ఆయనను యూదుడని వేరుచేశారు. ప్రార్థనామందిరంలో ఆయన నీలికళ్లనూ, రాగిజుట్టునూ చూసి పరాయివాడన్నారు. యౌవనంలో కొంతకాలం చిత్రకారుడిగా దేశాలు తిరిగి, చివరకు వియన్నా చేరి, ఫ్రాయిడ్ కుమార్తె అన్నా ఫ్రాయిడ్ వద్ద మనోవిశ్లేషణలో శిక్షణ పొందాడు. 1933లో అమెరికాకు వలసవెళ్లాడు. అక్కడి పౌరసత్వం స్వీకరించిన సమయంలో 'ఎరిక్సన్' అనే ఇంటిపేరును తానే ఎంచుకున్నాడు. 'నేను ఎవరు?' అనే ప్రశ్న ఆయన సిద్ధాంతానికి కేంద్రం కావడానికి ఈ జీవితమే భూమిక అని భావించవచ్చు.

1930ల చివరలో ఎరిక్సన్ దక్షిణ డకోటాలోని పైన్ రిడ్జ్ ప్రాంతపు సూ తెగ ప్రజలను పరిశీలించాడు. తన దగ్గర ఉన్నదాన్ని పదిమందికీ పంచిపెట్టడం ఆ తెగలో గొప్ప గుణం. ప్రభుత్వ పాఠశాలల్లో అదే గుణం పొదుపు తెలియనితనంగా, బాధ్యతారాహిత్యంగా కనిపించింది. ఇంటి విలువలకూ, బడి విలువలకూ మధ్య చిక్కుకున్న పిల్లవాడు ఎటూ చెందనివాడవుతున్నాడని ఎరిక్సన్ గమనించాడు. శిశువు మనసును సమాజం నుండి విడదీసి చూడలేమనే అవగాహన ఇటువంటి పరిశీలనలతో బలపడింది. 1950లో వెలువడిన 'చైల్డ్‌హుడ్ అండ్ సొసైటీ' గ్రంథంలో ఆయన ఎనిమిది దశల సిద్ధాంతాన్ని ప్రతిపాదించాడు.

3. సిద్ధాంతంలోని మూలసూత్రాలు

ఈ సిద్ధాంతాన్ని అర్థం చేసుకోవడానికి మూడు అంశాలు ముఖ్యం.

మొదటిది, ప్రతి దశలోనూ వ్యక్తి ఒక సంక్షోభాన్ని ఎదుర్కొంటాడు. ఇక్కడ సంక్షోభం అంటే విపత్తు అని అర్థం చెప్పకూడదు. అది ఒక మలుపు. ఆ వయస్సులో శరీరానికి వచ్చిన కొత్త శక్తి, సమాజం నుండి వచ్చే కొత్త అపేక్ష కలిసి వ్యక్తిని ఆ మలుపు దగ్గరకు తీసుకువస్తాయి.

రెండవది, ప్రతి సంక్షోభానికీ రెండు కొసలు ఉంటాయి. మంచి కొసను పూర్తిగా సాధించి, చెడ్డ కొసను పూర్తిగా వదిలించుకోవడం వికాసం అనిపించుకోదు. అందరినీ నమ్మే మనిషి బతకలేడు. కొంత అపనమ్మకం ఆత్మరక్షణకు అవసరం. రెండింటి నిష్పత్తి అనుకూలంగా ఉన్నప్పుడు ఆ దశ నుండి ఒక 'సుగుణం' పుడుతుంది. తన దశలను విజయాల పట్టికగా చదవడాన్ని ఎరిక్సన్ స్వయంగా అభ్యంతరపెట్టాడు.

మూడవది, ప్రతి దశకూ ప్రాధాన్యం వహించే కాలం ఒకటి ఉన్నప్పటికీ, ఆ ప్రశ్న అంతకుముందూ బీజరూపంలో ఉంటుంది. తరువాత కూడా కొత్త రూపంలో తిరిగివస్తుంది. అందువల్ల ఏ దశా శాశ్వతంగా గెలిచినది కాదు, శాశ్వతంగా ఓడినదీ కాదు.

4. ఎనిమిది దశలు – సాహిత్య నిదర్శనాలు

4.1 శైశవం, బాల్యం

జీవితపు మొదటి ఏడాదిలోని సంక్షోభం 'నమ్మకం – అపనమ్మకం'. ఆకలివేసినప్పుడు పాలు అందుతాయని, ఏడ్చినప్పుడు ఎవరో ఒకరు వస్తారని అనుభవపూర్వకంగా తెలుసుకున్న శిశువుకు లోకం నమ్మదగినదిగా కనిపిస్తుంది. ఈ దశ సుగుణం 'ఆశ'. ఒకటి నుండి మూడేళ్ల వరకు 'స్వయంప్రతిపత్తి – సిగ్గు, సందేహం'. నడక, మాట, మలమూత్ర విసర్జనపై అదుపు వచ్చే ఈ కాలంలో పిల్లలు ప్రతిదీ తామే చేస్తామంటారు. పెద్దలు అతిగా అదుపుచేసినా, నవ్వులపాలు చేసినా సిగ్గు స్థిరపడుతుంది. 'సంకల్పం' ఇక్కడి సుగుణం.

మూడు నుండి ఆరేళ్ల వరకు 'చొరవ – అపరాధభావన'. ముళ్లపూడి వెంకటరమణ సృష్టించిన బుడుగు ఈ దశకు ఉత్తమ నిదర్శనం. పెద్దల లోకంలోకి అనుమతి లేకుండా ప్రవేశించడం, వారి మాటలను తనకు తోచిన అర్థంలో వాడటం, వారి ప్రవర్తనపై తీర్పులు చెప్పడం బుడుగు లక్షణాలు. అతని అల్లరిని భరించే బామ్మ, బాబాయి వంటివారు చుట్టూ ఉండటం గమనించదగినది. మందలింపులు ఉన్నా ఆ చొరవ అపరాధభావనగా మారకపోవడానికి ఆ కుటుంబ వాతావరణమే కారణం. ఈ దశ సుగుణం 'లక్ష్యం'.

ఆరు నుండి పన్నెండేళ్ల వరకు 'శ్రమశీలత – న్యూనత'. బడి, పని, తోటివారితో పోలిక ఈ దశలో ప్రధానమవుతాయి. చేసిన పనికి మన్నన లభిస్తే 'సామర్థ్యం' అనే సుగుణం ఏర్పడుతుంది. లేనిచో తాను ఎందుకూ పనికిరాననే భావం నాటుకుంటుంది. రాచకొండ విశ్వనాథశాస్త్రి 'అల్పజీవి' నవలలోని సుబ్బయ్య ఈ న్యూనతకు ప్రతినిధిగా ప్రసిద్ధుడు. అయితే సుబ్బయ్య బాలుడు కాదు, గుమాస్తా. ఆఫీసులో పై అధికారి ముందు, డబ్బు విషయంలో కాంట్రాక్టరు గవరయ్య ముందు, ఇంట్లో బావమరిది ముందు అతడు కుంచించుకుపోతాడు. అతని న్యూనతకు మూలం ఎక్కడ ఉన్నప్పటికీ, ఆ న్యూనత లేకుండా అతడు బతకలేని ఏర్పాటును ఉద్యోగవ్యవస్థ, డబ్బు, బంధుత్వం కలిసి నిర్మించాయి. దశల ప్రశ్నలు పెద్దవయస్సులో తిరిగివస్తాయన్న మూడవ సూత్రాన్ని సుబ్బయ్య పాత్ర స్పష్టం చేస్తుంది.

4.2 కౌమారం: గుర్తింపు సంక్షోభం

పన్నెండేళ్ల నుండి సుమారు ఇరవయ్యేళ్ల వరకు 'పాత్ర గుర్తింపు – పాత్ర సందిగ్ధత'. ఎరిక్సన్ సిద్ధాంతంలో ఎక్కువ చర్చకు వచ్చిన దశ ఇదే. రెండవ ప్రపంచయుద్ధకాలపు సైనికులకు చికిత్స చేస్తున్న సందర్భంలో ఆయన 'గుర్తింపు సంక్షోభం' అనే పదబంధాన్ని వాడాడు. తరువాత దానిని కౌమారానికి అన్వయించాడు. ఈ దశ సుగుణం 'నిబద్ధత'.

1966లో జేమ్స్ మార్సియా ఈ దశను మరింత విశదీకరించాడు. వ్యక్తి ప్రత్యామ్నాయాలను అన్వేషించాడా, ఏదో ఒకదానికి కట్టుబడ్డాడా అనే రెండు ప్రశ్నల ఆధారంగా నాలుగు స్థితులను గుర్తించాడు. అన్వేషించి కట్టుబడితే 'సాధించిన గుర్తింపు'. అన్వేషణ సాగుతూ ఉంటే 'విరామస్థితి'. అన్వేషణ లేకుండా పెద్దలు ఇచ్చినదాన్నే స్వీకరిస్తే 'ముందే మూసుకున్న గుర్తింపు'. రెండూ లేకపోతే 'చెదిరిన గుర్తింపు'.

నవీన్ 'అంపశయ్య' (1969) నవలలోని రవి విరామస్థితికి నిదర్శనం. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో చదువుకుంటున్న ఈ గ్రామీణ తెలంగాణ యువకుని ఒక్కరోజు జీవితమే నవల ఇతివృత్తం. పేదరికం, చదువు, ప్రేమ, భవిష్యత్తు గురించిన ఆలోచనలు అతని చైతన్యంలో ఒకదానినొకటి తోసుకుంటూ వస్తాయి. ఈ నవలకు చైతన్యస్రవంతి శిల్పం అలంకారమాత్రం కాదని ఈ సిద్ధాంతం ద్వారా తెలుస్తుంది. ఇంకా ఒక్క 'నేను'గా కూడుకోని మనసుకు తగిన కథనరూపం అదే.

గోపీచంద్ 'అసమర్థుని జీవయాత్ర'లోని సీతారామారావు ఇందుకు భిన్నుడు. తండ్రి నుండి సంక్రమించిన వంశప్రతిష్ఠే అతని గుర్తింపు. దానిని అతడు అన్వేషించి పొందలేదు. ఆస్తి ఉన్నంతకాలం ఆ గుర్తింపు నిలిచింది. ఆస్తి కరిగిపోయాక దాని కింద మరొక 'నేను' లేదని తేలింది. నవలలోని రామయ్యతాత తన పనితో, తన నేలతో ముడిపడిన గుర్తింపు కలిగినవాడు కావడంవల్ల ఈ లోటు మరింత స్పష్టమవుతుంది. 'ఎందుకు' అని ప్రశ్నించడం నేర్పినందుకు గోపీచంద్ ఈ నవలను తన తండ్రికి అంకితమిచ్చాడు. ఆ ప్రశ్నను తన వారసత్వం విషయంలో సకాలంలో వేసుకోలేకపోవడమే కథానాయకుని విషాదం. మార్సియా పరిభాషలో ఇది ముందే మూసుకున్న గుర్తింపు కూలిపోయిన తీరు.

పదవతరగతి ముగిసేనాటికే ఇంజనీరింగ్ లేదా వైద్యవిద్య దారిని కుటుంబం నిర్ణయించడం, ఇంటర్మీడియట్ రెండేళ్లూ వసతిగృహ కళాశాలల్లో పరీక్షల సాధనతో గడిచిపోవడం ఈనాటి తెలుగు సమాజంలో సాధారణం. అన్వేషణకు కేటాయించవలసిన వయస్సు ఇలా గడిచినప్పుడు, ఆ ప్రశ్న డిగ్రీ తరగతిలోనో, తొలి ఉద్యోగంలోనో ఎదురవుతుంది. ఆలస్యంగా వచ్చిన ఆ ప్రశ్నను విద్యార్థి సోమరితనంగానో, అస్థిరత్వంగానో భావించకుండా వికాసంలో భాగంగా గుర్తించడం అధ్యాపకులకు అవసరం.

4.3 యౌవనం: సాన్నిహిత్యం – ఏకాంతం

తానెవరో కొంతవరకైనా తెలిసినవారు మాత్రమే తమను కోల్పోతామన్న భయం లేకుండా మరొకరికి దగ్గర కాగలరని ఎరిక్సన్ అభిప్రాయం. ఈ దశ సుగుణం 'ప్రేమ'. బుచ్చిబాబు 'చివరకు మిగిలేది' నవల తొలుత 'ఏకాంతం' పేరుతోనే వెలువడింది. ఈ దశలోని ప్రతికూల కొసకు తెలుగులో వాడుతున్న మాట కూడా అదే కావడం ఆసక్తికరం. దయానిధికి తల్లి గురించి లోకం చెప్పుకునే మాటలు నీడలా వెంటాడతాయి. కోమలి, అమృతం, ఇందిర వంటి స్త్రీలతో అతని సంబంధాలన్నింటిపైనా ఆ నీడ పడుతుంది. తొలిదశలోని నమ్మకానికి మూలమైన తల్లినే సమాజం సందేహానికి గురిచేసినప్పుడు, ఆరవ దశలోని సాన్నిహిత్యం ఎంత కష్టమవుతుందో ఈ నవల నిరూపిస్తుంది. జీవితంలో చివరకు ఏమి మిగులుతుందన్న ఎనిమిదవ దశ ప్రశ్నను కథానాయకుడు ముందుగానే మోయవలసిరావడం ఈ పాత్రలోని ప్రత్యేకత.

4.4 నడివయస్సు: ఉత్పాదకత – స్తబ్ధత

సుమారు నలభై నుండి అరవై అయిదేళ్ల మధ్య మనిషి తన తరువాతి తరం గురించి ఆలోచిస్తాడు. పిల్లలను పెంచడం, శిష్యులను తీర్చిదిద్దడం, సంస్థలను నిర్మించడం ఇందులోకి వస్తాయి. ఈ దశ సుగుణం 'సంరక్షణ'. మానవ జీవితచక్రంపై సదస్సు నిర్వహించడానికి 1962లో అహమ్మదాబాద్ వచ్చిన ఎరిక్సన్, 1918లో అక్కడ జరిగిన మిల్లుకార్మికుల సమ్మె వివరాలపై ఆసక్తి పెంచుకున్నాడు. నలభై ఎనిమిదేళ్ల వయస్సులో గాంధీజీ ఒక సమాజం పట్ల బాధ్యతను తన భుజాలపై వేసుకున్న సందర్భంగా దానిని విశ్లేషిస్తూ 1969లో 'గాంధీస్ ట్రూత్' గ్రంథం వెలువరించాడు. దానికి పులిట్జర్ బహుమతి లభించింది. జాతికి తండ్రి కాగలిగిన వ్యక్తి తన సన్నిహితుల పట్ల చూపిన కాఠిన్యాన్ని కూడా ఆ గ్రంథంలో ఎరిక్సన్ ప్రశ్నించాడు.

ఈ దశకు తెలుగు కథ వేసిన ప్రశ్న మరింత తీవ్రమైనది. కాళీపట్నం రామారావు 'యజ్ఞం' కథలో అప్పల్రాముడి అప్పు అతని కొడుకు సీతారాముడి తరానికి సంక్రమిస్తుంది. ఆ అప్పు తన బిడ్డను కూడా కట్టుబానిసను చేస్తుందని గ్రహించిన సీతారాముడు కన్నకొడుకునే చంపుకుంటాడు. తరువాతి తరానికి ఏమి ఇవ్వాలన్నదే ఉత్పాదకత ప్రశ్న అయితే, ఇవ్వడానికి దాస్యం తప్ప మరేమీ మిగలని తండ్రికి ఆ ప్రశ్న ఏ రూపంలో ఎదురవుతుందో ఈ కథ చూపుతుంది. సీతారాముడు యువకుడు కావడం కూడా గమనార్హం. దశల వయఃపరిమితులు అందరికీ ఒకేలా వర్తించవు. పేదరికం వాటిని ముందుకు లాగుతుంది.

4.5 వార్ధక్యం: సమగ్రత – నిరాశ

చివరి దశలో మనిషి తన జీవితాన్ని వెనుదిరిగి చూసుకుంటాడు. జరిగినదాన్ని జరిగినట్లుగా తనదిగా అంగీకరించగలిగితే సమగ్రత, ఇక సమయం లేదన్న బాధ మిగిలితే నిరాశ. ఈ దశ సుగుణం 'వివేకం'. శ్రీరమణ 'మిథునం' కథలోని అప్పదాసు, బుచ్చిలక్ష్మి దంపతులు సమగ్రతకు నిదర్శనం. పిల్లలు దూరంగా ఉన్నా పెరడు, వంట, చిన్నచిన్న తగవులతో వారి జీవితం నిండుగా సాగుతుంది. భర్త ముందుగా వెళ్లిపోయినప్పుడు, తాను లేకుండా అతడు పడవలసిన అవస్థ తప్పిందని భార్య ఊరటపొందడంలో దుఃఖమూ, అంగీకారమూ కలిసి ఉన్నాయి. సమగ్రత అంటే దుఃఖం లేకపోవడం కాదని ఈ ముగింపు తెలుపుతుంది.

ఎరిక్సన్ మరణానంతరం ఆయన భార్య జోన్ ఎరిక్సన్ 1997లో తొమ్మిదవ దశను జతచేసింది. ఎనభై, తొంభై ఏళ్ల వయస్సులో శరీరం సహకరించనప్పుడు పాత సంక్షోభాలన్నీ తిరిగివస్తాయని ఆమె పేర్కొంది. లేచి నిలబడటానికి మరొకరి చేయి కావలసివచ్చినప్పుడు, నమ్మకం – అపనమ్మకం అనే తొలి ప్రశ్న మళ్లీ ఎదురవుతుంది. పిల్లలు విదేశాల్లో స్థిరపడిన తెలుగు కుటుంబాలలోని వృద్ధుల విషయంలో ఈ ప్రతిపాదన ప్రత్యేకంగా పరిశీలించదగినది.

5. ఆశ్రమధర్మాలతో పోలిక

జీవితాన్ని దశలుగా విభజించే ఆలోచన భారతీయులకు కొత్తది కాదు. బ్రహ్మచర్యం, గార్హస్థ్యం, వానప్రస్థం, సన్న్యాసం అనే నాలుగు ఆశ్రమాలకూ, ఎరిక్సన్ దశలకూ మధ్య ఉన్న పోలికలను సుధీర్ కకర్ 1968 నాటి వ్యాసంలో చర్చించాడు. బ్రహ్మచర్యంలో సామర్థ్యం, నిబద్ధత. గార్హస్థ్యంలో ప్రేమ, సంరక్షణ. చివరి ఆశ్రమాలలో వివేకం కనిపిస్తాయి. అయితే రెండు ప్రధాన భేదాలు ఉన్నాయి. ఆశ్రమధర్మం మనిషి ఎలా జీవించాలో చెబుతుంది. ఎరిక్సన్ సిద్ధాంతం మనిషి ఎలా వికసిస్తాడో వివరించే ప్రయత్నం చేస్తుంది. ఆశ్రమవ్యవస్థ ప్రధానంగా ద్విజ పురుషుని ఉద్దేశించినది. స్త్రీలు, శూద్రులు, దళితులు దాని పరిధిలో సమానంగా లేరు. ఎరిక్సన్ సిద్ధాంతం మానవులందరినీ ఉద్దేశించినట్లు చెప్పుకుంటుంది. ఆ మాట ఎంతవరకు నిజమన్నది తరువాతి చర్చ.

6. సిద్ధాంత పరిమితులు

మొదటి పరిమితి స్త్రీల అనుభవానికి సంబంధించినది. ఎరిక్సన్ చెప్పిన గుర్తింపు ముందు, సాన్నిహిత్యం తరువాత అనే క్రమం పురుషుల జీవితాల ఆధారంగా ఏర్పడిందని కారల్ గిల్లిగన్ 1982లో విమర్శించింది. స్త్రీల విషయంలో ఈ రెండూ ఒకదానితో ఒకటి పెనవేసుకుని ఉంటాయని ఆమె వాదన. డాక్టర్ పి. శ్రీదేవి 'కాలాతీత వ్యక్తులు' నవలలోని ఇందిర ఈ చర్చకు తగిన పాత్ర. తండ్రిని పోషించే బాధ్యతను మోస్తూ, ఉద్యోగం చేస్తూ, తనకు కావలసిన జీవితాన్నీ, తోడునూ ఒకేసారి వెదుకుతుంది. ఆమె జీవితంలో 'నేను ఎవరు', 'నాకు ఎవరు' అనే ప్రశ్నలు వరుసక్రమంలో రావు.

రెండవది కుటుంబవ్యవస్థకు సంబంధించినది. విడిగా నిలబడగలిగిన వ్యక్తిని ఆదర్శంగా భావించే పాశ్చాత్య దృక్పథం ఈ సిద్ధాంతంలో అంతర్లీనంగా ఉంది. బంధుత్వం ద్వారానే తన స్థానాన్ని తెలుసుకునే సమాజంలో గుర్తింపు అంటే విడిపోవడమే కానక్కరలేదు. పెద్దల నిర్ణయాన్ని అంగీకరించిన ప్రతి యువకుడినీ 'ముందే మూసుకున్న' వర్గంలో చేర్చడం తొందరపాటు అవుతుంది.

మూడవది కులం, వర్గాలకు సంబంధించినది. సమాజం పాత్రను ఎరిక్సన్ గుర్తించినప్పటికీ, ఆయన దృష్టిలో సమాజం చాలావరకు వికాసానికి చేయూతనిచ్చే వ్యవస్థ. ఒక వర్గం వికాసాన్ని తరతరాలుగా అడ్డుకోవడమే పనిగా పెట్టుకున్న వ్యవస్థను వివరించడానికి 'యజ్ఞం' వంటి కథలు మరింత బలమైన ఆధారాలు. వీటికి తోడు, ఈ సిద్ధాంతం ప్రయోగాల కంటే చికిత్సానుభవం, జీవితచరిత్రల మీద ఎక్కువగా ఆధారపడిందన్న విమర్శ కూడా ఉంది.

7. ముగింపు

వ్యక్తిత్వం బాల్యంలో ముగిసిపోయే నిర్మాణం కాదనీ, శరీరం, మనసు, సమాజం కలిసి జీవితాంతం సాగించే ప్రక్రియ అనీ ఎరిక్సన్ సిద్ధాంతం తెలియజేస్తుంది. తెలుగు కథాసాహిత్యంలోని పాత్రలు ఈ సిద్ధాంతానికి ఉదాహరణలుగా ఉపయోగపడటమే కాక, దానిని పరీక్షకు నిలబెట్టాయి. సుబ్బయ్య న్యూనత బాల్యానికి పరిమితం కాలేదు. ఇందిర దశలను వరుసలో దాటలేదు. సీతారాముడికి తరువాతి తరాన్ని కాపాడుకునే అవకాశమే లేకపోయింది. కాబట్టి మనోవైజ్ఞానిక దృష్టితో పాత్రలను పరిశీలించే పరిశోధకులు పాత్రకు ఒక పేరు పెట్టి ఊరుకోకుండా, ఆ పాత్ర ఏ మలుపు దగ్గర నిలిచింది, ఆ మలుపులో దానికి ఎవరు చేయి అందించారు, ఎవరు అందించలేదు అనే ప్రశ్నలు వేయవలసి ఉంటుంది. తరగతిగదిలో ఎదురయ్యే విద్యార్థి విషయంలోనూ వేయవలసిన ప్రశ్నలు ఇవే.